వెనక చక్రం స్ప్రింగు కథ

బహ్రెయిన్ మొత్తానికీ ఎత్తైన చోటు జబల్ అద్దుఖాన్, అంటే పొగ కొండ. ఎత్తు 134 మీటర్లు. మన భువనగిరి గుట్ట ఎక్కినవాళ్ళెవరైనా దీన్ని చూస్తే "ఇదేనా కొండంటే?" అని నవ్వి ఊరుకుంటారు. గల్ఫ్ సముద్రానికి అరబ్బుల వైపున్న తీరంలో మొట్టమొదటి చమురు బావి 1932లో పడింది ఈ కొండ దగ్గరే కాబట్టి చరిత్ర పుస్తకాల్లో దీనికో చోటు దొరికింది గానీ, ఎత్తు చూసి ఎవరూ ఇవ్వరు. అలాంటి దేశంలో ఏ సైకిళ్ళ కొట్టుకి వెళ్ళినా ముందు వరసలో కనపడేవి మౌంటెన్ బైకులే. అందులోనూ వెనక చక్రానికి కూడా స్ప్రింగు ఉన్నదైతే గుమ్మంలోనే నిలబెడతారు.

కొనేవాళ్ళు రెండు రకాలు. ఒకరు నాలాంటివాళ్ళు. శుక్రవారం పొద్దున్నే కారు వెనక సైకిలు కట్టుకుని సఖీర్ ఎడారిలోకో, అవాలీ దాటి రాళ్ళ బాటల్లోకో పోయి, ఎండ ముదిరేలోపు ఇంటికొచ్చి ఇడ్లీలు తినే బాపతు. రెండోవాళ్ళు నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల, కడప, కోనసీమల నించి వచ్చినవాళ్ళు. క్యాంపు నించి పనికీ, పని నించి క్యాంపుకీ వాళ్ళకి సైకిలే గతి. తెల్లారకముందే కార్లు కడగడానికి వెళ్ళేవాళ్ళు, కోల్డ్ స్టోర్ నించి ఇళ్ళకి నీళ్ళ సీసాలూ సరుకులూ మోసేవాళ్ళు (ఇక్కడ వీధి చివరి కిరాణా కొట్టుని కోల్డ్ స్టోర్ అంటారు లెండి). వీళ్ళు కూడా ఆ స్ప్రింగు సైకిలే ఏరుకుంటారు. చూడ్డానికి మోటారు సైకిల్లా గట్టిగా ఉంటుంది మరి.

ఇద్దరూ అడగాల్సిన ప్రశ్న ఒకటే. నేను కాలితో నొక్కిందంతా వెనక చక్రానికి చేరుతోందా, దార్లో ఆ స్ప్రింగు కొంత తినేస్తోందా? నాలాంటివాడికి అది శుక్రవారపు సరదా. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి, వాయవ్యం నించి షమాల్ గాలి మొహాన కొడుతుంటే ఆరు కిలోమీటర్లు ఎదురు తొక్కాల్సినవాడికి సరదా కాదు. ఈ ప్రశ్నకి సరైన జవాబు దొరకడానికి సైకిలు తయారుచేసేవాళ్ళకి నూట పాతికేళ్ళు పట్టింది. ఆ కథ తెలిస్తే కొట్లో ఏది చూడాలో తెలుస్తుంది. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. ఎడ్లబండికి స్ప్రింగులుండవు. జట్కాకి ఉంటాయి, పెట్టె కింద కమాను పట్టీలు. గతుకొస్తే పెట్టె ఊగుతుంది, లోపలివాళ్ళ నడుములు బతుకుతాయి. గుర్రానికి మాత్రం ఆ ఊగుడుతో పనిలేదు, అది నేలమీద నడుస్తోంది. బుల్లెట్ మోటారు సైకిలుకి 1949లోనే వెనక స్వింగ్ ఆర్మూ షాకబ్జర్లూ వచ్చాయి. అక్కడ గుర్రం ఫ్రేములో బిగించిన ఇంజను. నడిపేవాడు ఊరికే కూర్చుంటాడు. సైకిలు దగ్గరికొచ్చేసరికి గుర్రమూ ప్రయాణీకుడూ ఒకడే. పైగా ఆ గుర్రం స్ప్రింగు మీద కూర్చుని తొక్కుతోంది!

కాలి బలం ఇంజను బలంలా ఒకే ధారగా రాదు. పెడల్ ఒక చుట్టు తిరిగితే రెండు నొక్కులు. నిమిషానికి 80 చుట్లు తొక్కేవాడైతే 160 నొక్కులు. రోట్లో దంచినట్టు దబ్, దబ్ అని పడుతుంటాయి. ప్రతి నొక్కుకీ ఒంటి బరువు కొంచెం కిందికీ వెనక్కీ జరుగుతుంది, స్ప్రింగు అణుగుతుంది, మళ్ళీ లేస్తుంది. లేచినప్పుడు ఆ శక్తి తిరిగొస్తుంది కదా అంటారేమో. వస్తుంది, కానీ కాలికి కాదు, సీటుకి. పరుపు మీద నడిచి చూడండి, అర్థమవుతుంది.

ఈ సంగతి మొదట గుర్తుపట్టినవాళ్ళు పాతకాలం వాళ్ళే. 1885లో లండన్‌లో లిన్లీ అండ్ బిగ్స్ అనే కంపెనీ 'విప్పెట్' అని ఒక సైకిలు తెచ్చింది. అప్పటికి టైర్లలో గాలి లేదు, గట్టి రబ్బరు పట్టీలే. రోడ్లేమో రాళ్ళు పరిచినవి. ఎముకలు కదిలిపోయేవి. విప్పెట్‌లో ఫ్రేముని రెండు ముక్కలు చేసి మధ్యలో ఒక బలమైన స్ప్రింగు పెట్టారు. ఇందులో తెలివంతా ఎక్కడుందంటే, సీటు, హ్యాండిలు, పెడళ్ళు మూడూ ఒకే ముక్క మీద ఉంటాయి. చక్రాలు ఎంత ఎగిరినా ఈ మూడింటి మధ్య దూరం మారదు. తొక్కేవాడి కాలికి పెడల్ ఎప్పుడూ ఒకే దూరంలో దొరుకుతుంది. వాళ్ళు సైకిలు అమ్ముకున్నదే ఈ మాట చెప్పుకుని. ఇది గుర్తుపెట్టుకోండి, 110 ఏళ్ళ తర్వాత పెద్ద పెద్ద ఇంజనీర్లు దీన్ని మర్చిపోతారు.

విప్పెట్ బాగానే నడిచింది గానీ ఎక్కువ కాలం కాదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలుకి గాలి టైరు తొడిగాడు. మరుసటేడు విల్లీ హ్యూమ్ అనే ఆయన ఆ టైర్లతో బెల్‌ఫాస్ట్ పందేల్లో వరసపెట్టి గెలిచాడు. కొద్ది ఏళ్ళలో స్ప్రింగు ఫ్రేముల అవసరం దాదాపు తీరిపోయింది. గాలి టైరు కూడా ఒక స్ప్రింగే. కానీ అది చిన్న రాయిని అక్కడికక్కడే మింగేస్తుంది, పెద్ద కదలిక ఉండదు, చైనుతో దానికి సంబంధం లేదు. కాలి నొక్కుకి అది పెద్దగా అణగదు. ఈ కథలో అన్నిటికంటే గొప్ప సస్పెన్షన్ ఏదని నన్నడిగితే నేను డన్‌లప్‌కే ఓటేస్తాను.

ఆ తర్వాత డెబ్భై ఏళ్ళు ఇటలీ సైన్యం కోసం బియాంకీ వాళ్ళు చేసిన మడత సైకిలు లాంటివి అక్కడక్కడా తప్ప చెప్పుకోదగ్గది లేదు. 1962లో మళ్ళీ కదలిక. మినీ కారుకి రబ్బరు సస్పెన్షన్ చేసిన అలెక్స్ మౌల్టన్ చిన్న చక్రాల సైకిలొకటి తెచ్చాడు. ముందూ వెనకా రెండు వైపులా రబ్బరు సస్పెన్షన్. పిల్లల బొమ్మలా ఉందని నవ్వినవాళ్ళు ఆ ఏడాదే జాన్ వుడ్‌బర్న్ దాని మీద కార్డిఫ్ నించి లండన్‌కి తొక్కి రికార్డు కొట్టేసరికి నోరు మూసుకున్నారు. మౌల్టన్ చేసిన మంచి పనేమిటంటే సస్పెన్షన్‌ని చాలా కొద్దిగా కదలనిచ్చాడు, గట్టిగా ఉంచాడు, వెనక కీలుని పెడళ్ళ ఇరుసుకి దగ్గరగా పెట్టాడు. నున్నటి రోడ్డుకి అది చాలు. కొండ దిగడానికి చాలదు.

కొండ దిగడం కాలిఫోర్నియాలో మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మారిన్ కౌంటీలో కుర్రాళ్ళు కొందరు పాత ష్విన్ డొక్కు సైకిళ్ళేసుకుని కొండబాటల్లో పడి దిగేవాళ్ళు. 1976 అక్టోబరు 21న మొదటి పందెం పెట్టుకున్నారు. దాని పేరు రీప్యాక్. దిగేసరికి వెనక హబ్బులో బ్రేకు కాలి గ్రీజంతా పొగైపోయేది, మళ్ళీ కూరాల్సొచ్చేది, అందుకని ఆ పేరు. ఆ బాట దిగుడు దాదాపు 400 మీటర్లు, అంటే మూడు పొగ కొండలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, జో బ్రీజ్, టామ్ రిచీ, ఇవాళ సైకిళ్ళ మీద కనపడే పేర్లు కొన్ని అక్కడివే. మొదట్లో వాళ్ళకి స్ప్రింగుల గొడవ లేదు. 1989లో మోటోక్రాస్ నించి వచ్చిన పాల్ టర్నర్ రాక్‌షాక్స్ ముందు ఫోర్కు తెచ్చేదాకా చేతులే షాకబ్జర్లు.

ముందు ఫోర్కు సులువుగానే కుదిరింది. ముందు చక్రానికి చైను లేదు కదా. వెనక్కి వచ్చేసరికి అసలు కథ మొదలైంది.

బస్సు డ్రైవరు ఒక్కసారి ముందుకి లాగిస్తే నిలబడ్డవాళ్ళంతా వెనక్కి పడతారు చూడండి, సైకిలు మీదా అంతే. నొక్కినప్పుడల్లా బరువు వెనక్కి వాలి వెనక స్ప్రింగు కూలబడుతుంది. అదే సమయంలో చైను పైభాగం బిగుసుకుని వెనక ఇరుసుని ముందుకి లాగుతోంది. ఇప్పుడు వెనక చక్రాన్ని పట్టుకున్న చేయి ఏ కీలు మీద తిరుగుతోందన్నదే ప్రాణం. చక్రం పైకి కదలాలంటే ఇరుసు చెయిన్‌వీలు నించి కాస్త దూరంగా జరగాల్సి వచ్చేలా కీలు పెట్టారనుకోండి. బిగుసుకున్న చైను ఒప్పుకోదు. "నేను సాగను, నువ్వు పైకి రావద్దు" అంటుంది. అంటే వాలే బరువు స్ప్రింగుని కుంగదీస్తుంటే చైను దాన్ని ఎత్తి పడుతుంది. రెండూ సరిసమానమైతే సైకిలు ఊగదు. దీన్ని ఇంజనీర్లు యాంటీ స్క్వాట్ అంటారు, సరిగ్గా సమానమైతే నూరు శాతం అని లెక్క. పైసా ఖర్చు లేకుండా, కాలి బలంతోనే కాలి ఊగుడుకి విరుగుడు.

మరి కీలుని ఇంకా పైకి జరిపి చైను చేత ఇంకా గట్టిగా పట్టిస్తే? అప్పుడు రాయి తగిలి చక్రం నిజంగానే పైకి లేవాల్సి వచ్చినప్పుడు చైను సాగదు కాబట్టి చెయిన్‌వీలునే వెనక్కి లాగుతుంది. పెడల్ కాలిని వెనక్కి తన్నుతుంది. రాళ్ళ బాట మీద తొక్కుతుంటే ఎవరో మడమ పట్టుకు గుంజుతున్నట్టుంటుంది. కీలు మరీ కింద పెడితే ఊగుడు, మరీ పైన పెడితే తన్నుడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పైగా అప్పట్లో ముందు మూడు చెయిన్‌వీళ్ళు. పెద్దదాని మీద ఉంటే చైను ఒక ఎత్తులో లాగుతుంది, చిన్నదాని మీద ఇంకో ఎత్తులో. ఒక గేరులో కుదిరిన లెక్క ఇంకో గేరులో తప్పేది. 1990ల సైకిళ్ళ గురించి ఒకడు "అద్భుతం" అనీ ఇంకొకడు "దండగ" అనీ రాస్తే ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు, గేర్లు వేరు.

హార్స్ట్ లైట్నర్ కథ చెప్పకపోతే ఇది పూర్తి కాదు. ఆస్ట్రియా నించి అమెరికా వెళ్ళిన మోటోక్రాస్ మనిషి. చైను లాగుడు సస్పెన్షన్‌ని పాడుచేయడం ఆయన్ని మోటారు సైకిళ్ళ రోజుల నించే వేధించింది. 1980లలో ఆయన పెట్టిన మోటారు సైకిళ్ళ కంపెనీ పేరు ఏటీకే. ఆ మూడక్షరాల జర్మన్ విప్పుడులో ఉన్నది అదే, చైను బిగువుకి విరుగుడు అని. మనిషికి ఒకే పట్టుదల అన్నమాట. సైకిళ్ళకొచ్చాక ఆయన చేసింది, వెనక ఇరుసుని కింది చేతికి నేరుగా బిగించకుండా, ఇరుసుకి కాస్త ముందూ కిందా ఇంకో కీలు పెట్టడం. దాంతో ఇరుసు ఒక కీలు చుట్టూ గుండ్రంగా తిరగాల్సిన పని లేకుండా పోయింది, దాని దారిని తయారుచేసేవాడు గీసుకోవచ్చు. బ్రేకు వేసినప్పుడు సస్పెన్షన్ బిగుసుకోవడం కూడా తగ్గింది. దాన్ని ఇప్పటికీ హార్స్ట్ లింక్ అంటారు. అదే రోజుల్లో మెర్ట్ లావిల్, 1969లో అమెరికా గ్రాండ్ నేషనల్ చాంపియన్, 'ఆన్ ఎనీ సండే' సినిమాలో కనపడే ఆయనే, గ్యారీ ఫిషర్ కోసం ఇలాంటి నాలుగు కడ్డీల ఏర్పాటే ఇంకోటి చేశాడు. గమనించారా, వెనక చక్రం సమస్యని విప్పినవాళ్ళలో చాలామంది మోటారు సైకిళ్ళ మనుషులే. సైకిళ్ళవాళ్ళకి బరువు తగ్గించడం మీదే యావ.

1998లో హార్స్ట్ లింక్ పేటెంటుని స్పెషలైజ్‌డ్ కంపెనీ కొనేసింది. మిగతావాళ్ళు రుసుము కట్టాలి, లేదా ఆ కీలుని ఇరుసు పక్కనించి కాస్త జరిపి పైచేతి మీద పెట్టుకోవాలి. అలా పెడితే చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, చక్రం మాత్రం మామూలు ఒంటి కీలు దారిలోనే తిరుగుతుంది. ఒక అంగుళం తేడా, దానికి లాయర్లు. అమెరికాలో 2013లో ఆ పేటెంటు గడువు తీరింది. తీరడమేమిటి, కంపెనీలు వరసపెట్టి తమ కీళ్ళని ఆ అంగుళం కిందికి దించుకున్నాయి. ఇంతకాలం వాళ్ళు బ్రోచర్లలో "మా పద్ధతే మేలు" అని రాసుకున్నది ఎంత నిజమో దాన్నిబట్టే తెలుస్తుంది. సాఫ్ట్‌వేరు పేటెంట్లని తిట్టుకుంటూ బతికే నాలాంటివాడికి ఇదేం కొత్త కాదు లెండి.

ఇక మర్చిపోయినవాళ్ళ సంగతి. 1990ల నడిమధ్య కొందరికి ఒక ఉపాయం తట్టింది. చైను పొడుగు మారడం వల్లే కదా ఈ గొడవంతా, చెయిన్‌వీలునీ వెనక చక్రాన్నీ ఒకే ముక్క మీద పెట్టేస్తే సరి! చైను ఎప్పుడూ మారదు, పెడల్ ఎప్పుడూ తన్నదు. కాగితం మీద ఎంత బాగుందో. ట్రెక్ వై బైకు 1995లో వచ్చింది, క్లైన్ మాంట్రా వచ్చింది, ఇంకా చాలా వచ్చాయి. కానీ పెడళ్ళు వెనక ముక్క మీదా, సీటు ముందు ముక్క మీదా ఉంటే ఏమవుతుంది? ప్రతి గతుక్కీ సీటుకీ పెడల్‌కీ మధ్య దూరం మారుతుంది. విప్పెట్ వాళ్ళు 1885లో వద్దన్నది సరిగ్గా ఇదే. అంతకంటే ఘోరం ఇంకోటుంది. కొండ దిగేటప్పుడు ఎవరైనా సీటు మీంచి లేచి పెడళ్ళ మీద నిలబడతారు. అప్పుడు ఒంటి బరువంతా వెనక ముక్క మీదే పడుతుంది, ముక్క కదలదు, సస్పెన్షన్ బిగుసుకుపోతుంది. కూర్చుని నున్నటి దారిలో పోతున్నప్పుడు చక్కగా పనిచేసి, నిజంగా రాళ్ళొచ్చి లేచి నిలబడగానే మానేసే సస్పెన్షన్! కొన్నేళ్ళకే మంచి కంపెనీలన్నీ దాన్ని వదిలేశాయి.

వదిలేసినా ఆ రూపం చావలేదు. అందంగా ఉంది కదా, ఆ వై అక్షరం ఆకారం, మధ్యలో మెరిసే స్ప్రింగు. దాని సంగతికి మళ్ళీ వస్తాను.

2000లు వచ్చేసరికి లెక్కలు తేలాయి. అవుట్‌ల్యాండ్ అనే చిన్న కంపెనీ చేసిన రెండు పొట్టి లింకుల పద్ధతిని శాంటా క్రూజ్ వాళ్ళు తీసుకుని వీపీపీ పేరుతో నిలబెట్టారు. డేవ్ వీగల్ అనే ఇంజనీరు మనిషి కాలితో తొక్కే బండికి ఈ చైను లెక్క ఎక్కడెక్కడ ఎంత ఉండాలో కూర్చుని కట్టి, డీడబ్ల్యూ లింక్ చేశాడు. ఇద్దరి కిటుకూ దగ్గరదగ్గరగా ఒకటే. తొక్కేవాడు కూర్చోగానే స్ప్రింగు ఎంత దిగుతుందో ఆ చోటు చుట్టుపక్కల చైను పట్టు గట్టిగా ఉండాలి, పెద్ద రాయి తగిలి ఇంకా లోపలికి వెళ్ళేకొద్దీ ఆ పట్టు సడలాలి. ఊగుడూ లేదు, తన్నుడూ తగ్గింది. ఒంటి కీలుతో ఇది పూర్తిగా రాదు. 2012లో శ్రామ్ వాళ్ళు ముందు ఒకటే చెయిన్‌వీలు, వెనక 11 పళ్ళచక్రాలు అని తేవడంతో ఇంకో చిక్కూ విడిపోయింది. ఒకే చెయిన్‌వీలు కోసం లెక్క కట్టుకుంటే చాలు.

దీనికి సమాంతరంగా ఇంకో దారి నడిచింది. కీలు సంగతి వదిలేసి షాకబ్జర్ లోపల ఆయిలు దారినే అడ్డుకోవడం. నెమ్మదిగా వచ్చే నొక్కులకి కదలకుండా, రాయి దెబ్బకి మాత్రం తెరుచుకునే వాల్వులు. 2003 మోడల్ స్పెషలైజ్‌డ్ ఎపిక్‌లో ఒక చిన్న బరువు వెనక ఇరుసు దగ్గర కూర్చుని, దెబ్బ కిందనించి వస్తే వాల్వు తెరుస్తుంది, కాలి నించి వస్తే తెరవదు. దానికి 'బ్రెయిన్' అని పేరు పెట్టారు. తెలివైనదే. కానీ మా వాళ్ళ భాషలో చెప్పాలంటే ఇది ప్యాచ్. తప్పు డిజైన్‌లో ఉంటే వాల్వులో సర్దడం. బాగున్న డిజైన్ మీద వాల్వు ఉంటే మంచిదే, పాడు డిజైన్ మీద వాల్వు ఉంటే అది ఎప్పుడు చెడిపోతుందా అని ఎదురుచూడటమే.

వెనక స్ప్రింగుతో తొక్కినా నష్టం లేదని లోకం ఎప్పుడు నమ్మిందో చెప్పడానికి ఒలింపిక్సే సాక్ష్యం. 1996లో అట్లాంటాలో మౌంటెన్ బైకింగ్ మొదటిసారి పెట్టారు. పురుషుల పోటీలో 2008 దాకా గెలిచినవాళ్ళంతా వెనక స్ప్రింగు లేని సైకిళ్ళ మీదే. 2004, 2008 రెండుసార్లూ జూలియన్ అబ్సలోన్. 2012 లండన్‌లో చెక్ దేశస్థుడు యారోస్లావ్ కుల్హావీ రెండు వైపులా సస్పెన్షన్ ఉన్న ఎపిక్ మీద వచ్చి, వెనక స్ప్రింగు లేని సైకిలు తొక్కుతున్న నినో షుర్టర్‌ని ఆఖరి గజాల్లో దాటేశాడు. 2016లో రియోలో అదే షుర్టర్ రెండు వైపులా సస్పెన్షన్ ఉన్న సైకిలు మీద స్వర్ణం తీసుకున్నాడు. విప్పెట్ నించి లెక్కేస్తే 127 ఏళ్ళు.

ఇప్పుడు కొట్టు గుమ్మంలో ఉన్న సైకిలు దగ్గరికి వద్దాం.

ఈ కథలో పని చేసిన సంగతులన్నీ కంటికి కనపడనివి. కీలు ఎక్కడ ఉంది, ఇరుసు ఏ దారిలో కదులుతుంది, షాకబ్జర్లో ఆయిలు ఎలా పారుతుంది. కనపడేది స్ప్రింగొకటే. చవక సైకిళ్ళు చేసేవాళ్ళు కాపీ కొట్టిందీ దాన్నే. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. పైన రంగుల స్ప్రింగు, లోపల ఆయిలు లేదు. కీలులో బాల్ బేరింగులుండవు, ప్లాస్టిక్ బుష్షులు, ఆర్నెల్లకి లొడలొడ. కీలు స్థానానికి లెక్కంటూ ఉండదు. కొన్నింటిలో ఇప్పటికీ ఆ వై ఆకారమే, పెడళ్ళు వెనక ముక్క మీదే. మొత్తం బరువు 18 కిలోల పైన. ఒలింపిక్స్ సైకిలు 10, 11 కిలోలుంటుంది. ఇంత బరువుదాన్ని, నొక్కినప్పుడల్లా కూలబడేదాన్ని, వెనక క్యారియర్ కూడా సరిగ్గా నిలవనిదాన్ని, జీతంలో పెద్ద ముక్క పెట్టి కొనుక్కునేది కాలే ఇంజనుగా బతికేవాడు.

మనామాలో ఒక రిపేరు కొట్లో చూశాను. జగిత్యాల వైపు నించి వచ్చిన ఒకాయన, నలభై దాటి ఉంటాయి, అలాంటి సైకిలు తోసుకుని వచ్చాడు. "అన్నా, ఎంత తొక్కినా ముంగటికి పోతలేదే" అన్నాడు. మెకానిక్ మలయాళీ. ఇద్దరికీ మధ్య హిందీ. అతను ఆ స్ప్రింగు విప్పేసి, అదే పొడుగుకి ఒక ఇనప పైపు ముక్క కోసి, రెండు చివర్లా రంధ్రాలు వేసి, ఆ జాగాలో బిగించాడు. పది నిమిషాల పని. ఆయన వీధి చివరి దాకా తొక్కి తిరిగొచ్చాడు. "గిప్పుడు నడుస్తుంది" అన్నాడు. ఖరీదైన సైకిళ్ళలో హ్యాండిలు మీద మీట నొక్కితే ఇదే పని అవుతుంది, దాన్ని లాకౌట్ అంటారు, దానికి వేరే డబ్బులు :)

పైపు బిగించాక గతుకుల మాటేమిటంటే, దానికి జవాబు డన్‌లప్ ఎప్పుడో ఇచ్చాడు. వెడల్పు టైరు వేసి గాలి కాస్త తగ్గించి పెట్టుకోవడం. మన హీరో, అట్లాస్ సైకిళ్ళకి సీటు కింద రెండు స్ప్రింగులుండేవి గుర్తుందా? అలాంటి సీటు ఇక్కడా దొరుకుతుంది. సీటు కొంచెం కదులుతుంది కాబట్టి విప్పెట్ వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు గానీ, ఆ కదలిక కొద్దిపాటిదే, చైనుతో దానికి ముడి లేదు. మీకు తెలిసినవాళ్ళెవరైనా పనికి వెళ్ళడానికి సైకిలు కొంటుంటే వెనక స్ప్రింగు లేనిదే కొనిపించండి. స్ప్రింగు సైకిలు పెట్టే డబ్బుకే అంతకంటే మంచి బ్రేకులూ, మంచి చక్రాలూ, సరుకులకి నిలబడే క్యారియరూ వస్తాయి.

సరదా కోసం ఎడారిలోకి వెళ్ళేవాళ్ళు కొంటే మాత్రం కొట్లోనే రెండు పరీక్షలు చేసుకోవచ్చు. ముందు పెడళ్ళ ఇరుసు ఏ ముక్క మీద ఉందో చూడండి. సీటు ఉన్న ముక్క మీద కాకుండా చక్రం ఉన్న ముక్క మీద ఉంటే దండం పెట్టి వచ్చేయండి. తర్వాత చక్రాలు నేలమీదే ఉంచి, బ్రేకు పట్టుకుని, సీటుని బలంగా కిందికి అదమండి, పెడల్‌ని గమనిస్తూ. పెడల్ కొద్దిగా వెనక్కి కదలాలి. అసలు కదలకపోతే చైను పట్టు లేనట్టే, తొక్కినప్పుడు ఊగే రకం. బాగా వెనక్కి తిరిగితే రాళ్ళలో మడమని తన్నే రకం. ఆ పైన ఒక చిన్న ఎత్తు దొరికితే చిన్న గేరులో కూర్చుని తొక్కించి, పక్కనించి ఎవర్నైనా షాకబ్జర్ చూడమనండి.

సఖీర్ వైపు నేల సున్నపురాయి. పిడికిలంత రాళ్ళు పరుచుకున్న మైదానాలు, మధ్యమధ్య ఇసుక. పెద్ద దిగుళ్ళు లేవు, గంటల తరబడి కూర్చుని తొక్కడమే ఎక్కువ. ఇసుకలో ఏ సస్పెన్షనూ పనికిరాదు, టైరు వెడల్పే దిక్కు. రాళ్ళలో వెనక చక్రం 100 నించి 120 మిల్లీమీటర్లు కదిలితే చాలు, 160 ఉన్నది కొనమని కొట్టువాడు అంటే మన కొండ ఎత్తు ఒకసారి గుర్తుచేయండి. ఇంకో సంగతి, ఇక్కడి గాలిలో ఉప్పూ తేమా, దానికి తోడు పిండిలాంటి దుమ్ము. హార్స్ట్ లింకుకీ, రెండు లింకులవాటికీ కీళ్ళెక్కువ, బేరింగులెక్కువ, ఒక్కొక్కటీ తుప్పు పట్టేదే. అందుకే డీడబ్ల్యూ లింక్ గురించి ఇంత పొగిడి కూడా నేను ఎంచుకున్నది పాత పద్ధతి ఒంటి కీలు సైకిలు. కీలు చెయిన్‌వీలు పైఅంచుకి దగ్గర్లో ఉంది, సీటు అదిమితే పెడల్ వేలెడంత వెనక్కి వస్తుంది, మొత్తం రెండే బేరింగులు. ఎడారి నించి రాగానే తడిబట్టతో తుడుస్తాను. అవి పోయినప్పుడు సుత్తీ, ఒక సాకెట్టూ ఉంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు.